టేకు పలకలు అంచుకు అంచు అతికించడం: మెట్టు పడకుండా, వంపు రాకుండా

పర్లాకిమిడి_పనిబల్ల

అందరికీ నమస్కారం. 1200 × 600 మి.మీ. టేబుల్ పైపలక చేయాలి. టేకు పలకలు ఐదు. ఒక్కోటి 125 మి.మీ. వెడల్పు, 22 మి.మీ. మందం. అంచులు చిత్రిక పట్టాక 120 నిలుస్తుందని లెక్క. నా దగ్గరున్న సరంజామా: ఐదో నంబరు ఇనప చిత్రిక, మూలమట్టం, ముప్పావు అంగుళం జీఐ పైపు క్లాంపులు నాలుగు, సీ-క్లాంపులు ఆరు, తెల్ల ఫెవికాల్. ప్లేనర్ మెషీన్ లేదు. కాబట్టి అతికించాక పైనుంచి అర మిల్లీమీటరుకు మించి తీయడం కుదరదు.

అతుకు దగ్గర ఒక పలక పైకి, పక్కది కిందికి నిలిచి మెట్టు పడకుండా ఏం చేయాలి? క్లాంపు బిగిస్తే పలక మొత్తం నడుమ పైకి లేస్తుందంటారు, అది దేనివల్ల? నాలుగు క్లాంపులు సరిపోతాయా? డోవెల్స్ (పలకల అంచుల్లో దించే గుండ్రటి కర్రమేకులు) తప్పవా? వానలు మొదలయ్యాయి, ఇప్పుడే అతికించవచ్చా లేక ఆగాలా?

బల్లార్షా_టేకు

మీరు చివర అడిగిందే ముందు తేల్చుకోవాలి పనిబల్ల గారూ. చెక్కలో తేమ ఎంతుందో తెలియకుండా మిగతావి ఎంత జాగ్రత్తగా చేసినా పలక నిలవదు.

మా చంద్రపూర్ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటి, గాలిలో తేమ 20 శాతానికి పడిపోతే చెక్కలో తేమ 4–5 శాతానికి దిగుతుంది. మీ గజపతి, గంజాం వైపు శ్రావణంలో 30 డిగ్రీల వేడి, 85 శాతం గాలి తేమ అలాగే కొనసాగితే అదే చెక్క 17 శాతం దాకా పీల్చుకుంటుంది. ఇది ఒకటి రెండు రోజుల్లో జరగదు, 22 మి.మీ. పలకకు వారాలు పడుతుంది. అందుకే ఇటు డిపోలో ఎండాకాలంలో కొన్న టేకును అటు దింపగానే కోసి అతికిస్తే, ఆ తర్వాత అది ఉబ్బడం మొదలుపెడుతుంది.

చెక్కల్లో టేకు తక్కువ కదిలేదే. అయినా పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి, మాను కోతలో కనిపించే వలయాల వెంబడి 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం ముడుచుకుంటుంది. మీ 600 వెడల్పులో తేమ 15 నుంచి 9కి దిగితే, పలకలు వలయాల వెంబడి కోసినవైతే, వెడల్పు 6–7 మి.మీ. తగ్గుతుంది.

తేమ మీటరు లేకపోతే తూకంతో చూడొచ్చు. ప్రతి పలక చివర కొంత వదిలేసి, లోపలి నుంచి సన్నని ముక్క కోయండి. వెంటనే గ్రాముల త్రాసు మీద తూచండి. ఓవెన్‌లో 103–105 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇక తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్ళీ తూచండి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించి నూరుతో గుణిస్తే తేమ శాతం వస్తుంది. 56 గ్రాములది 50కి దిగితే 12 శాతం. ఐదు పలకల మధ్య తేడా 2 శాతం లోపు ఉండాలి. ఒకటి 10, పక్కది 15 ఉంటే ఇవాళ ఎంత మట్టంగా అతికించినా ఆర్నెల్లలో ఆ అతుకు దగ్గరే మెట్టు లేస్తుంది.

తేడా కనిపిస్తే టేబుల్ ఉండబోయే గదిలోనే, పలకల మధ్య 20 మి.మీ. రీపులు అడ్డం వేసి, రీపుల మీద రీపులు ఒకే నిలువులో వచ్చేలా పేర్చండి. పైన బరువు పెట్టి రెండు మూడు వారాలు వదిలేయండి. వానాకాలమైనా అతికించవచ్చు, షెడ్డులో తడి గోడకు ఆనించి ఉంచిన చెక్క మాత్రం పనికిరాదు.

రాయగడ_చిత్రిక

నడుమ ఎందుకు లేస్తుందో లెక్క వేసి చూపిస్తాను, అప్పుడు ఎక్కడ కష్టపడాలో తెలుస్తుంది.

అంచు ముఖానికి 90 డిగ్రీలు కాకుండా 89.5 ఉందనుకోండి. 22 మి.మీ. మందంలో ఆ తేడా 0.2 మి.మీ. కూడా లేదు, మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే తప్ప తెలియదు. ఆనే రెండు అంచులూ ఒకే వైపు అలా తప్పితే అతుకు ఒక డిగ్రీ మడత పడుతుంది. మీకు నాలుగు అతుకులు. నాలుగూ ఒకే దిక్కుకు మడిస్తే నడిపలకతో పోలిస్తే చివరి అంచులు 6 మి.మీ. కిందికి దిగుతాయి. అర మిల్లీమీటరు మించి తీయలేని మీకు 6 మి.మీ. వంపు వస్తే పలక చేయి దాటినట్టే.

దీనికి విరుగుడు పాత పద్ధతే. ముందు ఐదు పలకల్నీ వరసగా పేర్చి, పై ముఖం మీద అన్నింటినీ కలుపుతూ పెద్ద త్రికోణం పెన్సిల్‌తో గీయండి, వరస మారితే వెంటనే తెలుస్తుంది. అతుకు పడే రెండు పలకల్నీ పుస్తకం మూసినట్టు ముఖాలు లోపలికి మడిచి, రెండు అంచులూ పైకి వచ్చేలా వైస్‌లో కలిపి బిగించండి. రెండింటినీ ఒకేసారి చిత్రిక పట్టండి. చిత్రిక కొంచెం వాలినా ఒకటి 89.5 అయితే రెండోది 90.5 అవుతుంది. తెరిచి పక్కపక్కన పెడితే ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 22, 22 కలిస్తే 44 మి.మీ. కాబట్టి చిత్రిక అడుగుకు ఆనడానికి చోటు కూడా ఎక్కువ.

ఒక ఇబ్బంది ఉంది. మడిచినప్పుడు రెండు పలకల పోగు వాలు (చెక్క నారలు వాలిన దిక్కు) ఒకటే కాకపోతే ఒకదానికి ఎదురు పోగు తగిలి చీరుకుపోతుంది. బ్లేడును బాగా నూరి, పొట్టు సిగరెట్ కాగితమంత పలచగా వచ్చేలా దించుకుంటే చాలావరకు గట్టెక్కుతుంది. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, బ్లేడు త్వరగా మొండిదవుతుంది. రెండు అతుకులకోసారి నూరుకోండి.

పొడవు సంగతి. అంచు తిన్నగా ఉన్నా మంచిదే. ఇంకా మంచిది, 1200 పొడవులో నడుమ 0.3 నుంచి 0.5 మి.మీ. లోతు ఉండటం. చివరలు ముందు ఆని నడుమ సన్నని వెలుతురు గీత కనిపించాలి. చెక్క చివరలు త్వరగా ఆరి ముడుచుకుంటాయి కాబట్టి, అతుకు ముందుగా విచ్చేది అక్కడే. అక్కడ కాస్త అదనపు ఒత్తిడి ఉంటే విచ్చదు. నడిమి సందును క్లాంపు మూస్తుంది. దీనికి తిరగబడి నడుమ ఉబ్బు ఉంటే మాత్రం క్లాంపుతో మూయొద్దు. మూసుకుంటుంది, కానీ చివరలు ఏడాది తిరక్కుండా తెరుచుకుంటాయి.

కిన్వట్_రంపం

చిత్రిక అన్న చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. టేబుల్ రంపంతో కోసిన అంచును అలాగే అతికించే వాళ్ళున్నారు. మంచి బ్లేడు అయితే ఫరవాలేదు గానీ, టేకును మొండి బ్లేడు కాలుస్తుంది. గోధుమరంగు మెరుపు కనిపించిన చోట జిగురు లోపలికి దిగదు. ఒక్క పొట్టు తీసి అతికించండి.

వలయాల సంగతి ఎవరూ ఎత్తలేదు. పలక చివర చూస్తే వలయాలు వంపుగా కనిపిస్తాయి కదా. వాటిని ఒకటి పైకి ఒకటి కిందికి మార్చి పెట్టాలి. అప్పుడు ఒక్కో పలక విడిగా వంగినా మొత్తం మీద వంపు తేలిపోతుంది.

రాయగడ_చిత్రిక

అది సగమే ఒప్పుకుంటాను తమ్ముడూ. మార్చి పెడితే పెద్ద వంపు రాదు, నిజమే. కానీ తేమ మారినప్పుడల్లా పైన అలలు లేస్తాయి, ప్లేనర్ లేని మనిషికి అది ఇంకా చేటు. అన్నీ ఒకే దిక్కుకు పెడితే ఒకే పెద్ద వంపు వస్తుంది, దాన్ని కింది చట్రం మరలతో పట్టి ఉంచొచ్చు. నా దృష్టిలో వలయాల కంటే ముందు చూడాల్సింది పై ముఖం మీద పోగు వాలు. ఐదింటికీ ఒకే దిక్కుకు ఉంటే అతికించాక అతుకుల మీద చిత్రిక హాయిగా నడుస్తుంది. తర్వాత రంగు, కణుపులు. ఇవన్నీ కుదిరాక వలయాలు ఎలా వస్తే అలా.

బరంపురం_మూలమట్టం

క్లాంపుల లెక్క నేను చెబుతాను.

ఒక అతుకు విస్తీర్ణం 120 సెం.మీ. × 2.2 సెం.మీ. = 264 చ.సెం.మీ. గట్టి చెక్కకు చదరపు సెంటీమీటరుకు 10 కేజీలు అటూ ఇటూ ఒత్తిడి కావాలంటారు, అంటే దాదాపు 2600 కేజీలు. చేత్తో బాగా బిగించిన పైపు క్లాంపు 450 కేజీలు ఇస్తుందనుకుంటే ఆరు కావాలి. నాలుగు అతుకులున్నాయి కదా అని నాలుగు రెట్లు లెక్క వేయనక్కర్లేదు, అదే బలం వరసగా అన్ని అతుకుల గుండా పోతుంది.

నాలుగే ఉంటే? 1800 కేజీలు, చదరపు సెంటీమీటరుకు 7 కేజీలకు కాస్త తక్కువ. అంచులు రాయగడ అన్న చెప్పినట్టు కుదిరితే దీంతో గట్టి అతుకే వస్తుంది. అంచులు కుదరకపోతే ఆరున్నా లాభం లేదు. ఒత్తిడి క్లాంపు మొన నుంచి ఇరువైపులా 45 డిగ్రీల కోణంలో విప్పారుతుంది. 120 మి.మీ. వెడల్పు పలక దాటి మొదటి అతుకు చేరేసరికి అటు 120, ఇటు 120 పాకుతుంది, అంటే ఒక క్లాంపుకు 240. నాలుగింటికి 960, మీకు కావాల్సింది 1200. అందుకని రెండు బయటి అంచులకూ 50 మి.మీ. మందం గట్టి చెక్క పట్టీలు ఆనించండి. విప్పారే దూరం 50 + 120 అవుతుంది, ఒక్కో క్లాంపు 340 దాకా ఏలుతుంది. అప్పుడు 150, 450, 750, 1050 మి.మీ. దగ్గర నాలుగూ పెడితే ఎక్కడా ఖాళీ ఉండదు.

అంచు చదరంగా ఉన్నా పలక లేచే రెండో కారణం ఇక్కడుంది. పైపు పలకకు కిందుగా ఉంటుంది, బిగించేకొద్దీ దవడ పైభాగం వెనక్కి వాలుతుంది, ఒత్తిడి మందం నడుమ కాకుండా కింది అంచు మీద పడుతుంది. దవడకూ అంచుపట్టీకీ మధ్య 10 మి.మీ. గుండ్రటి కర్రముక్క పెట్టండి, సరిగ్గా పలక మందం నడుమ, అంటే 11 మి.మీ. ఎత్తున. బలం ఆ ఒక్క గీత మీదుగానే పోతుంది. దీంతోపాటు క్లాంపులు ఒకటి కింద, ఒకటి పైన మార్చి వేయండి. కింద పడే రెండు పైపులూ ఒకే మట్టంలో ఉండాలి, లేకపోతే పలక మెలి తిరుగుతుంది. రెండు తిన్నని పట్టీలను పలక చివర్ల మీద అడ్డంగా నిలబెట్టి, వంగి ఒకదాని పైఅంచు మీదుగా రెండోదాన్ని చూస్తే మెలి ఇట్టే కనిపిస్తుంది.

మెట్టు పడకుండా చేసేవి అడ్డపట్టీలు. 50 × 50 మి.మీ. సాలు (గుగ్గిలం) చెక్క, 700 పొడవు, ఆరు ముక్కలు, అంటే పలక పైనొకటి కిందొకటిగా మూడు జతలు. మీ ఆరు సీ-క్లాంపులు జతకు రెండు చొప్పున సరిగ్గా సరిపోతాయి. ఒక్కో పట్టీకి పలకను తాకే ముఖం మీద నడుమ 1 మి.మీ. ఉబ్బు ఉంచి చివరలకు పలచబడేలా చిత్రిక పట్టండి. చివర్లు బిగిస్తే నడుమ కూడా నొక్కుతుంది. ఉబ్బు లేని తిన్నని పట్టీ నడిమి అతుకుల దగ్గర లేచిపోతుంది. తాకే ముఖం మీద బ్రౌన్ ప్యాకింగ్ టేపు అంటించకపోతే పట్టీ కూడా పలకకు అతుక్కుంటుంది. చోట్లు: రెండు చివరల దగ్గర, ఒకటి సరిగ్గా నడుమ.

సిరొంచ_ఉలి

డోవెల్ గురించి. అంచుకు అంచు అతుకులో బలం కోసం డోవెల్ అక్కర్లేదు. పోగు వెంట అతికిన జిగురు, కుదిరితే, చెక్క కంటే గట్టిది, విరిస్తే చెక్కే చిట్లుతుంది. డోవెల్ పలకల్ని ఒకే మట్టానికి పట్టి ఉంచడానికే. ఆ పని అడ్డపట్టీలు చేస్తాయి. చేత్తో వేసిన 8 మి.మీ. రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పోతే డోవెలే మెట్టు పుట్టిస్తుంది, దాన్ని ఇక సుత్తితో కొట్టి సరిచేయలేరు. రంధ్రం తిన్నగా పడేలా చూసే జిగ్ ఉంటే వేయండి, లేకపోతే వద్దు.

జిగురు ఎంత కావాలంటే, చదరపు మీటరుకు 150–200 గ్రాములు. మీ అతుకు ఒక్కటి 0.0264 చ.మీ., కాబట్టి 5 గ్రాములు. నాలుగింటికి 20. రెండు అంచులకూ రాస్తాం, కొంత బయటికి వస్తుంది కాబట్టి మొత్తం 50 గ్రాములు తీసి పెట్టుకోండి. రెండు అంచులూ తడి మెరుపుతో నిండుగా కనిపించాలి, పొడి చారలు మిగలకూడదు.

మాకిక్కడ ప్రాణహిత ఒడ్డున ఎండాకాలం అసలు శత్రువు టైము. తెల్ల జిగురు రాశాక మామూలుగా పది నిమిషాల దాకా తడిగా ఉంటుంది గానీ, 42 డిగ్రీల వేడిగాలిలో నాలుగైదు నిమిషాలకే పైన పొర కడుతుంది. పొర కట్టాక కలిపితే అతుకు పైకి బాగున్నట్టే కనిపించి చిన్న దెబ్బకు ఊడుతుంది. నాలుగు అతుకులూ ఒకేసారి వద్దు. రెండు రెండు పలకలు విడిగా అతికించి, అవి గట్టిపడ్డాక మూడో విడతలో అన్నీ కలపండి. తెల్లవారుజామున చేయండి, చెక్కను ఎండలో ఉంచకండి. పలచబడాలని నీళ్ళు పోయడం మాత్రం వద్దే వద్దు.

జయపురం_రీపర్

మాకు దానికి తిరగబడిన సమస్య. కోరాపుట్ కొండల మీద చలికాలం రాత్రి వేడి పది డిగ్రీల కిందికి పోతుంది. ఆ చలిలో తెల్ల జిగురు పొరగా కలవదు, ఆరాక పారదర్శకంగా కాకుండా తెల్లటి పొడిగా మిగులుతుంది. అలా కనిపిస్తే అతుకు లేనట్టే. డబ్బా మీద రాసిన కనీస ఉష్ణోగ్రత చూడండి, చెక్కను కూడా ముందు రోజు గదిలో పెట్టి వెచ్చబరచండి. గాలి ఒక్కటే వెచ్చగా ఉంటే చాలదు.

అడ్డపట్టీలకు సాలు సరే, పలకకు మాత్రం సాలు ఎవరూ ఎంచుకోకండి. బరువు, గట్టితనం, జిగట అన్నీ ఎక్కువ. తక్కువ ఖర్చులో చేయాలంటే గుమ్మడిటేకు. తేలిక, తక్కువ కదులుతుంది, జిగురు బాగా పడుతుంది. పాత తలుపుల టేకు వాడేవాళ్ళు ముందు అయస్కాంతం తిప్పి మేకులు వెతకండి.

పర్లాకిమిడి_పనిబల్ల

తూకం పరీక్షలో నాలుగు పలకలు 12–13 శాతం, ఒకటి 14. అంచులు మడిచి పట్టి, జిగురు లేకుండా జోడించి చూశాను. మూడు అతుకులు మూసుకున్నాయి. మూడో, నాలుగో పలకల మధ్య అతుకులో మాత్రం చివర్ల దగ్గర 0.3 మి.మీ. వెలుతురు, నడుమ ఆనుతోంది. ఇది క్లాంపుతో మూసేయొచ్చా? టేకు నూనెకు జిగురు పట్టదని కూడా అంటారు. అతికించేముందు ఏమైనా రాయాలా?

రాయగడ_చిత్రిక

మూయొద్దు. రెండు పలకల్నీ మళ్ళీ మడిచి బిగించి, చివర నుంచి 150 వదిలి నడుమ భాగం మీదే ఒక పొట్టు తీయండి, తర్వాత 300 వదిలి ఇంకొకటి, ఆపైన మొత్తం పొడవు ఒకసారి. పలుచటి పొట్టు అయితే 0.05 మి.మీ. చొప్పున పోతుంది కాబట్టి, రెండు అంచులకూ కలిపి చివరి 0.3 పోవడానికి, నడుమ సన్నని సందు రావడానికి అయిదారు సార్లు పడుతుంది. ప్రతి రెండు పొట్లకూ తెరిచి జోడించి చూడండి. పై పలకను కింది పలక అంచు మీద నిలబెట్టి, చివర పట్టుకుని మెల్లగా పక్కకు తిప్పండి. నడుమ ఉబ్బు ఉంటే ఆ బిందువు మీద సులువుగా తిరుగుతుంది. చివరలు ఆనితే రాసుకుంటూ బరువుగా కదులుతుంది, మీకు కావాల్సింది అదే.

బల్లార్షా_టేకు

నూనె సంగతి నిజమే గానీ భయపడేంత లేదు. నూనె లోపలి నుంచి పైకి చేరడానికి టైము పడుతుంది, కాబట్టి చిత్రిక పట్టిన రోజే అతికించండి. బాగా నలుపు తిరిగిన, పట్టుకుంటే జిడ్డుగా తగిలే చేవ చెక్క అయితే తెల్లటి బట్టకు ఎసిటోన్ తడిపి అంచు తుడవండి. బట్ట పసుపు తేలడం తగ్గేదాకా తుడిచి, ఆరగానే జిగురు రాయండి. దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. అంచుకు ఉప్పు కాగితం రుద్దకండి, అంచు గుండ్రమై అతుకు గీత లావుగా కనిపిస్తుంది.

వంటింట్లో నీళ్ళు పడే టేబుల్ అయితే మామూలు తెల్ల ఫెవికాల్ బదులు నీటికి తట్టుకునే రకం, డీ3 తరగతి జిగురు వాడండి. ఎపాక్సీ సందులు నింపుతుంది గానీ సందు నింపాల్సిన అతుకు ఈ పనిలో ఉండకూడదు.

బరంపురం_మూలమట్టం

బిగించే వరస చాలామంది తప్పుతారు. అడ్డపట్టీలు ముందే పూర్తిగా బిగిస్తే పలకలు పక్కకు జరగలేవు, అతుకు మూసుకోదు.

మొదట అడ్డపట్టీలు మూడూ వేలితో తిప్పినంత వదులుగా. పైపు క్లాంపులు నడిమి రెండూ కొద్దిగా, తర్వాత చివరివి కొద్దిగా. అతుకు మీద గోరు అడ్డంగా లాగండి. 0.05 మి.మీ. మెట్టు కూడా కంటికంటే ముందు గోటికే తగులుతుంది. ఎత్తున్న పలక మీద రబ్బరు సుత్తితో, అతుకుకు దగ్గరగా కొట్టండి. మూడు చోట్లా గోరు తగలకుండా పోయాక అడ్డపట్టీలు సగం బిగించండి. అప్పుడు పైపులు పూర్తిగా, నడుమ నుంచి చివరలకు. ఆఖరున అడ్డపట్టీలు పూర్తిగా. పైన అల్యూమినియం పట్టీ అడ్డంగా పెట్టి చూడండి. నడుమ లేచి ఉంటే కింది క్లాంపులు కాస్త వదిలి పైవి బిగించాలి, కుంగి ఉంటే దానికి తిరగబడి. ఇదంతా జిగురు లేకుండా ఒకసారి పూర్తిగా చేసి, ఏ క్లాంపు ఎక్కడో గుర్తు పెట్టుకున్నాకే డబ్బా మూత తీయండి.

పైపు పలకకు తగిలే చోట ప్లాస్టిక్ కాగితం పెట్టండి. ఇనుము, తడి జిగురు కలిసి చెక్క మీద నల్లటి మరక వేస్తాయి, అది లోతుగా దిగుతుంది, అర మిల్లీమీటరు తీస్తే పోదు.

కిన్వట్_రంపం

బయటికి వచ్చిన జిగురు తడిబట్టతో తుడిస్తే పోదా?

సిరొంచ_ఉలి

పోయినట్టు కనిపిస్తుంది. పలచబడిన జిగురు పోగుల్లోకి దిగి, పాలిష్ వేసిన రోజు తెల్ల మచ్చలుగా తేలుతుంది. అతుకు వెంట రెండేసి అంగుళాలకు చిన్న పూసలు వస్తే సరిపడా రాసినట్టు. ఎక్కడా రాకపోతే అక్కడ తక్కువ పడింది. ముప్పై నలభై నిమిషాలకు రబ్బరులా అయ్యాక మొండి ఉలితో గీకితే పొరగా లేచి వస్తుంది. రాయిలా ఎండనిస్తే ఊడేటప్పుడు చెక్క పెచ్చు పట్టుకుపోతుంది.

బల్లార్షా_టేకు

క్లాంపులు గంటకు తీసేయొచ్చని కొందరంటారు గానీ వానాకాలం, గట్టి చెక్క, కాబట్టి రాత్రంతా ఉంచండి. తీశాక పలకను గోడకు ఆనించకండి, బల్ల మీద పరిచి ఒక వైపే గాలి తగిలేలా ఉంచకండి. కింద రీపులు పెట్టి రెండు వైపులా గాలి ఆడనివ్వండి. రెండు మూడు రోజులు చిత్రిక ముట్టుకోవద్దు. జిగురులోని నీటికి అతుకు దగ్గర చెక్క ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బును అప్పుడే చదును చేస్తే, నీరు ఆరాక అక్కడ సన్నని గాడి కుంగుతుంది, పాలిష్ మెరుపులో ప్రతి అతుకూ కనిపిస్తుంది.

చట్రానికి బిగించేటప్పుడు నడిమి మరలకు గుండ్రటి రంధ్రం, ముందు వెనక మరలకు పలక వెడల్పు దిక్కుగా 12 మి.మీ. పొడవు గాడి. వెడల్పు మొత్తం 6–7 కదిలితే ఒక్కో వైపుకు మూడున్నర మించదు, 5 మి.మీ. మరకు ఆ గాడిలో అంతే చోటు ఉంటుంది. మర తలకింద వాషరు వేసి, వాషరు చేత్తో తిరిగేంత బిగువుతో ఆపండి. పాలిష్ పైన ఎన్ని పూతలు వేస్తే కిందా అన్ని పూతలు వేయాలి.

పర్లాకిమిడి_పనిబల్ల

కోసిన చివరలకు కూడానా?

బల్లార్షా_టేకు

వాటికి ఇంకో పూత ఎక్కువ. తేమ లోపలికి, బయటికి అన్నింటికంటే త్వరగా నడిచేది అక్కడి నుంచే. పాలిష్ ఇంకా ఆలస్యమైతే ఇప్పుడే పలచగా ఒక చేయి ఫెవికాల్ రాసి పెట్టండి, పాలిష్ రోజు గీకేయొచ్చు.